లిబరల్స్ నేరస్తుల మీద జాలిపడతారు కదా, మరి హేట్ క్రైమ్ (జాతి, మతం లాంటివాటి మీద ద్వేషంతో చేసిన నేరం) అనగానే కఠిన శిక్ష ఎందుకు అడుగుతారు?

ఈ ప్రశ్నలోని మొదటి సగం అమెరికాలో 1988 ఎన్నికలప్పుడు గట్టిగా పాతుకుపోయిన ప్రచారం. మసాచుసెట్స్‌లో ఒక హత్యకేసు ఖైదీ సెలవు మీద బయటికొచ్చి మేరీలాండ్‌లో ఘోరానికి ఒడిగట్టాడు. ఆ పాపం ఆ ఎన్నికల్లో డెమొక్రాట్ల అధ్యక్ష అభ్యర్థిగా నిలబడ్డ ఆ రాష్ట్ర గవర్నర్ డుకాకిస్ మెడకు చుట్టుకుంది. హత్యకేసుల వాళ్లకి సెలవులు ఆపాలన్న బిల్లును ఆయన 1976లో తిప్పికొట్టిన మాట నిజమే. కానీ ఆ సెలవుల పద్ధతి 1972లో రిపబ్లికన్ గవర్నర్ హయాంలో మొదలైందని ఎవరూ చెప్పరు.

రెండో సగానికి మనవాళ్లందరికీ తెలిసిన కేసే చూడండి. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఒలేతలో ఇద్దరు తెలుగు ఇంజనీర్లు ఒక బార్‌లో కూర్చున్నారు. ఒకడు వచ్చి ఏ వీసా మీద ఉన్నారు, అక్రమంగా ఉంటున్నారా అని నిలదీశాడు. వాణ్ణి బయటికి పంపేశారు. తుపాకీతో తిరిగొచ్చి, మా దేశం వదిలి పొండి అని అరిచి కాల్చాడు. కూచిభొట్ల శ్రీనివాస్ చనిపోయారు. ఆయన స్నేహితుడూ, హంతకుణ్ణి పట్టుకోబోయిన మరొకాయనా గాయపడ్డారు. హంతకుడు మిస్సోరీలోని క్లింటన్‌కి పారిపోయి, అక్కడి రెస్టారెంట్‌లో తాను ఇరాన్ వాళ్లని చంపానని చెప్పాడు.

వాడు పొరబడ్డాడు కదా, మరి ఇది హేట్ క్రైమ్ ఎలా అవుతుంది? 2009 అక్టోబరు 28న ఒబామా సంతకం చేసిన ఫెడరల్ (కేంద్ర) హేట్ క్రైమ్ చట్టంలో జాతి, రంగు, మతం, పుట్టిన దేశం అని మాత్రమే రాసి ఊరుకోలేదు. అవి నిజంగా ఉన్నవైనా సరే, నిందితుడు ఉన్నాయనుకున్నవైనా సరే అని రాశారు. చనిపోయింది హిందువా, ముస్లిమా, ఇరానీయుడా అన్నది కాదు లెక్క. కాల్చినవాడు ఎవరనుకుని కాల్చాడన్నదే లెక్క.

కాన్సస్ కోర్టు 2018లో హత్యకి జీవితఖైదు వేసింది, 50 ఏళ్ల దాకా పెరోల్ లేదు. అదే ఏడాది ఫెడరల్ కోర్టులో హేట్ క్రైమ్ నేరం ఒప్పుకుంటే ఇంకోసారి జీవితఖైదు పడింది. సంవత్సరాల లెక్కలో ఆ రెండో శిక్ష కొత్తగా కలిపింది దాదాపు ఏమీ లేదు. అయినా అది అవసరమే. హత్యానేరం రుజువు కావడానికి కారణం అక్కర్లేదు. అతన్ని ఎందుకు చంపారన్నది తీర్పులోకి ఎక్కేది ఈ రెండో కేసుతోనే.

ఇంకో సంగతి. ఆ ఫెడరల్ అభియోగాలు పెట్టినప్పుడు అటార్నీ జనరల్, అంటే కేంద్ర న్యాయశాఖ అధిపతి, జెఫ్ సెషన్స్. 2009లో రిపబ్లికన్ సెనేటర్‌గా ఈ చట్టాన్నే వ్యతిరేకించిన మనిషి!

లిబరల్ అంటే జాలి, కన్సర్వేటివ్ అంటే కాఠిన్యం అన్న గీత కోర్టుల్లోనూ నిలవదు. 1994లో న్యూజెర్సీలో ఒకడు నల్లజాతి కుటుంబం ఇంటిమీద కాల్పులు జరిపాడు. అతను ఒప్పుకున్న నేరానికి గరిష్ఠ శిక్ష 10 ఏళ్లు. జాతి ద్వేషం ఉందని జడ్జి తానే తేల్చి 12 వేశాడు. 2000లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో దాన్ని కొట్టేసింది. పాత నేరాల్లో పడిన శిక్షలు తప్ప, గరిష్ఠాన్ని దాటించే ఏ విషయమైనా జ్యూరీ (తీర్పు చెప్పే మామూలు పౌరుల బృందం) ముందు, సందేహానికి తావులేకుండా రుజువు కావాలంది. ఆ అయిదుగురు జడ్జీల్లో లిబరల్ గిన్స్‌బర్గ్ ఉన్నారు, కన్సర్వేటివ్ స్కాలియా, థామస్ కూడా ఉన్నారు. అటుపక్క కన్సర్వేటివ్ రెన్‌క్విస్ట్‌తో కలిసి లిబరల్ బ్రేయర్ నిలబడ్డారు. ఈ చట్టాలు మైనారిటీల కోసమే అనేవాళ్లు 1993 నాటి విస్కాన్సిన్ కేసు చదవాలి. ద్వేషం కారణమైతే శిక్ష పెంచడం సరైనదేనని సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఒప్పుకున్న ఆ కేసులో ముద్దాయి నల్లజాతివాడు, దెబ్బలు తిన్నది తెల్ల కుర్రాడు.

అంటే తగవు జాలికీ కాఠిన్యానికీ మధ్య కాదు. ఉద్దేశాన్ని ఎవరు రుజువు చెయ్యాలి, ఎంత గట్టిగా చెయ్యాలి అన్నదగ్గరే. ఇది చాలా కష్టం. ఒహాయోలో ఆమిష్ అనే క్రైస్తవ శాఖవాళ్ల గడ్డాలు కత్తిరించిన కేసులో 16 మందికి పడిన హేట్ క్రైమ్ శిక్షలు 2014లో అప్పీలులో పోయాయి. మతం ఒక ముఖ్య కారణమైతే చాలని జడ్జి జ్యూరీకి చెప్పాడు. మతమే లేకపోతే దాడి జరిగేది కాదని తేలాలి అంది అప్పీలు కోర్టు.

అందుకే మన టీవీలూ వాట్సాప్ గ్రూపులూ చేసే పని చూస్తే బాధేస్తుంది. గ్యాస్ స్టేషన్‌లో డబ్బుకోసం కాల్చినా గంటలో జాత్యహంకార హత్య అని రాసేస్తారు. దోపిడీకి వచ్చినవాడు గల్లాపెట్టె కోసం వస్తాడు. అన్నిటికీ ఆ పేరు పెడితే నిజమైన కేసు వచ్చిన రోజున నమ్మేవాళ్లుండరు.

నిజంగా అలాంటి దాడే జరిగితే, దుండగుడు అన్న మాటల్ని పోలీసులకి ఉన్నదున్నట్టు ఇంగ్లీషులోనే చెప్పండి. తిట్టాడు అంటే సరిపోదు, ఏ మాట అన్నాడు, దెబ్బకి ముందా తర్వాతా అన్నది కావాలి. కొట్టాక కోపంలో అన్న మాటకన్నా కొట్టేముందు అన్న మాటకి బలమెక్కువ. రిపోర్టులో ఆ మాటలు రాశారో లేదో కాపీ తీసుకుని చూడండి, లేకపోతే అదనపు వాంగ్మూలం ఇస్తామని అడగండి. వీడియో ఉంటే అసలు ఫైలు దాచండి, వాట్సాప్‌లో తిరిగింది కాదు. స్థానిక పోలీసులు పట్టించుకోకపోతే ఎఫ్‌బీఐకి మీరే నేరుగా ఫిర్యాదు చెయ్యొచ్చు, దానికి వాళ్ల అనుమతి అక్కర్లేదు.