కంట్లో కండ మళ్లీ పెరిగింది… లేజర్‌కు 90 వేలు పెట్టాలా?

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా కొత్తపట్నం దగ్గర పల్లె. వయసు 43. రొయ్యల గుంటలు కౌలుకు చేస్తాను. 2022లో కుడి కంట్లో పెరిగిన కండ తీయిస్తే ఏడాది తిరక్కముందే మళ్లీ వచ్చింది. ఇప్పుడు చెన్నైలో లేజర్‌తో అయితే 90 వేలు, మామూలుగా గ్రాఫ్ట్ (కండ తీసిన చోట అతికించే పొర) పెట్టి చేస్తే 35 వేలు అంటున్నారు. 2024 ఆగస్టులో ఇంటిల్లిపాదికీ 5 లక్షల ఆరోగ్య బీమా తీసుకున్నాం. పాత ఆపరేషన్ గురించి రాయొద్దని ఏజెంట్ అంటే రాయలేదు. లక్షన్నర ఎఫ్‌డీ ఉంది కానీ దాన్ని కదపాలని లేదు. క్లెయిం పెట్టమంటారా, నూటికి రెండు రూపాయల వడ్డీకి తెమ్మంటారా?

జవాబు: రెండూ వద్దండి.

పాలసీకి ముందు 36 నెలల్లో బయటపడిన లేదా వైద్యం చేయించుకున్న జబ్బును పాత జబ్బు కిందే లెక్కిస్తారు. దానికి కంపెనీ 36 నెలల దాకా వెయిటింగ్ పెట్టొచ్చు. అంటే మీరు అంతా నిజమే రాసి ఉన్నా, 2027 ఆగస్టు దాకా ఈ కంటికి డబ్బు రాకపోవచ్చు. ఇప్పుడు క్లెయిం పెడితే ఇంకా చిక్కు. ఒకసారి తీశాక మళ్లీ పెరిగిందని డిశ్చార్జి సమ్మరీలో డాక్టర్ రాయక తప్పదు. మీరు దాచిన సంగతి మీ కాగితమే కంపెనీకి చెప్పేస్తుంది. క్లెయిం పోవడంతో ఆగదు, పాలసీనే రద్దు చేయొచ్చు. రేపు ఇంట్లో ఎవరికైనా గుండెపోటు వస్తే ఆ 5 లక్షలే దిక్కు. కంటి బిల్లు కోసం దాన్ని పణంగా పెట్టకండి.

2022 ఆపరేషన్ వివరాలు, పాత కాగితాలు జతచేసి కంపెనీకే మెయిల్ పెట్టండి. ఏజెంట్‌కు ఫోన్‌లో చెబితే చెప్పినట్టు కాదు. వాళ్లు ప్రీమియం పెంచొచ్చు, ఆ కంటికి వెయిటింగ్ పెట్టొచ్చు, కాదనే హక్కూ ఉంది. 60 నెలలు ఆపకుండా కడితే మోసం రుజువైతే తప్ప పాత విషయాలు తవ్వకూడదన్న నిబంధన ఉందని ఎవరైనా ధైర్యం చెప్పొచ్చు. తెలిసి దాచిన దానికి ఆ రక్షణ నిలుస్తుందనుకోవద్దు. రాయొద్దన్న ఏజెంట్‌కు కమిషన్ ఎప్పుడో అందింది, టెన్షన్ మీకు మిగిలింది.

ఇక లేజర్. నేను డాక్టర్ని కాను కానీ, 55 వేలు అదనంగా దేనికి కడుతున్నారో తెలుసుకోవాలి. ఈ ఆపరేషన్‌లో ఫెమ్టోసెకండ్ లేజర్ పని ప్రధానంగా గ్రాఫ్ట్ కోసం కంటి తెల్లగుడ్డు మీది పొరను పలచగా, ఒకే మందంలో కోయడం. కండను తీసేది అప్పుడూ డాక్టర్ చెయ్యే. మళ్లీ రాకుండా ఎక్కువ కాపాడేది ఆ గ్రాఫ్ట్. కండ తీసి అలాగే వదిలేస్తే తిరిగి రావడం చాలా ఎక్కువ. 2022లో మీకు గ్రాఫ్ట్ పెట్టారో లేదో పాత సమ్మరీలో చూడండి. పెట్టి ఉంటే ఈసారి పొర ఎక్కడి నుంచి తీస్తారు, ఉమ్మనీటి సంచి పొర గానీ మైటోమైసిన్ మందు గానీ వాడతారా, 35 వేలల్లో అవీ ఉన్నాయా అని అడగండి. మళ్లీ వచ్చిన కేసులు ఆ డాక్టర్ ఎన్ని చేశారన్నదీ అడగాల్సిందే. లేజర్ లేకపోతే కుదరదని ఆయన కారణం చెబితే వేరే సంగతి. లేకపోతే నా ఓటు 35 వేలకే.

డబ్బు ఎఫ్‌డీ మీదే తీసుకోండి, రద్దు చేయక్కర్లేదు. ఎఫ్‌డీ వడ్డీకి ఒకటి, రెండు శాతం ఎక్కువకు బ్యాంకు అప్పిస్తుంది. మీరు చెప్పిన వడ్డీ ఏడాదికి 24 శాతం. 90 వేలకు నెలకు 1,800. రొయ్యలకు తెల్లమచ్చ తెగులు వచ్చి గుంట పోయినా అది ఆగదు.

ఆపరేషన్ ఖర్చుతో పాటు ఇంకో 15 వేలు పక్కన పెట్టుకోండి. వారాల తరబడి చుక్కల మందు, చెన్నైకి చెకప్‌లు, గుంటల దగ్గర మీ బదులు మనిషి కూలి ఉంటాయి. కండ తిరిగి వచ్చేది ఎక్కువగా మొదటి ఏడాదిలోనే, అప్పుడు మళ్లీ డబ్బు కావాలి కాబట్టి ఆ ఏడాది ఎఫ్‌డీ మీద మరో అప్పు చేయకండి. ఎండ, గాలి, దుమ్ము ఈ కండకు మేత లాంటివి. యూవీ ఆపే నల్లద్దాలు, టోపీ లేకుండా గట్టు ఎక్కొద్దు.

తెల్ల రేషన్ కార్డుంటే ముందు ఎన్టీఆర్ వైద్య సేవ డెస్కులో ఈ ఆపరేషన్ ప్యాకేజీలో ఉందేమో కనుక్కోండి. విజయవాడ ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రిలో రెండో అభిప్రాయం తీసుకోవడం కూడా మంచిది, కట్టలేనివారికి అక్కడ ఉచిత విభాగం ఉంది.

వీలైతే ఆపరేషన్‌ను రొయ్యల పట్టుబడి అయ్యాక, మళ్లీ సీడ్ (రొయ్య పిల్లలు) వేసేలోపు పెట్టుకోండి. కండ కంటిపాప వైపు జరుగుతోందని డాక్టర్ అంటే మాత్రం పంట చూసుకుని ఆగకండి.