సూట్‌కేసుల జాబితాలో సగం కొట్టేయండి

ప్రశ్న: మాది మిర్యాలగూడ. రైస్ మిల్లులో గుమాస్తాగా చేస్తున్నాను. మా అబ్బాయికి అమెరికాలో, డాలస్ దగ్గరి విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్ సీటు వచ్చింది. బ్యాంకు 11 శాతం వడ్డీకి విద్యారుణం మంజూరు చేసింది. సామాను కోసం చిట్టీ ఎత్తి 2 లక్షలు దగ్గర పెట్టుకున్నాం. బంధువులు రాసిచ్చిన జాబితాలో పది కిలోల బియ్యం, పచ్చళ్లు, మిక్సీ, ఇస్త్రీ పెట్టె, మూడు చలికోట్లు, పాతిక జతల బట్టలు, బంగారు గొలుసు ఉన్నాయి. మూడో సూట్‌కేసుకు అదనంగా కట్టి అయినా పంపమంటున్నారు. ఏవి పంపాలి?

జవాబు: ఆ 2 లక్షలు మీ సొంత డబ్బే కాబట్టి సామానుకు ఖర్చు పెడితే వడ్డీ పడదని అనుకుంటున్నారేమో. పడుతుంది. అందులో లక్ష మిగిల్చి అబ్బాయి ఖర్చులకు ఇస్తే, లోనులో లక్ష తక్కువ తీసుకోవచ్చు. మిగల్చకపోతే ఆ లక్ష కూడా అప్పే. చదువుకునే రెండేళ్ల వడ్డీ దానికి చేరి 1,22,000 అవుతుంది. ఆపైన పదేళ్ల వాయిదాలంటే నెలకు సుమారు 1,680 రూపాయలు, మొత్తం కట్టేది 2 లక్షలు దాటుతుంది. జాబితాలోని ప్రతి వస్తువు ధరనూ రెట్టింపు చేసి చూడండి, కొన్ని వాటంతటవే రాలిపోతాయి.

ముందు బియ్యం సంగతి. మిల్లులో పనిచేస్తూ బిడ్డను బియ్యం లేకుండా సాగనంపడానికి మనసొప్పదని తెలుసు. కానీ ధాన్యం గోదాముల్లో మీరు భయపడే ఖప్రా పురుగుకే అమెరికా వాళ్లూ భయపడతారు. అందుకే ఆ పురుగున్న దేశాల నుంచి ప్రయాణికులు బియ్యం, శనగలు, పొడి చేయని జీలకర్ర వంటివి తేకూడదని నిషేధం పెట్టారు. భారత్ కూడా ఆ దేశాల్లో ఉంది. విమానాశ్రయంలోనే తీసి పారేస్తారు. డాలస్ చుట్టుపక్కల భారతీయ దుకాణాల్లో సోనా మసూరి బస్తాలు దొరుకుతాయి. మామిడి, గోంగూర పచ్చళ్లు గట్టిగా సీలు వేయించి పంపండి, మాంసం పచ్చళ్లు మాత్రం వద్దు. తినే వస్తువులు ఏవి ఉన్నా కస్టమ్స్ అధికారికి దాచకుండా చెప్పాలని అబ్బాయికి నేర్పండి. చెప్పకపోతే జరిమానా వేస్తారు.

మిక్సీ, ఇస్త్రీ పెట్టె కొట్టేయండి. మన కరెంటు 230 వోల్టులు, అక్కడిది 120. ల్యాప్‌టాప్, ఫోను ఛార్జర్లు రెండింటికీ పనికొస్తాయి, వాటికి ప్లగ్గు మార్చుకునే అడాప్టర్ ఒకటి చాలు. స్టీలు కుక్కరు మాత్రం తప్పక పెట్టండి, రెండు గ్యాస్కెట్లు అదనంగా. బట్టలు పది జతలు సరిపోతాయి. చలికోటు ఒక్కటి చాలు, ఇంకా అవసరమైతే అక్కడి చలి చూశాక అక్కడే కొనుక్కుంటాడు. గొలుసు మీ దగ్గరే ఉంచండి. చాలా విమానాల్లో అమెరికాకు 23 కిలోల చొప్పున రెండు పెట్టెలు టికెట్‌లోనే వస్తాయి. టికెట్ ఒకసారి చూసుకోండి. ఇంతా తీసేశాక మూడో పెట్టెలో పెట్టడానికి ఏముంటుంది?

మీ జాబితాలో అసలు ఉండాల్సినవే లేవని నా బాధ. పళ్లు చూపించారా? పుచ్చు పళ్లున్నా, జ్ఞానదంతం సలుపుతున్నా ఇప్పుడే నల్గొండలోనో హైదరాబాద్‌లోనో చేయించండి. విద్యార్థుల ఆరోగ్య బీమాలో పళ్లకు, కళ్లకు ఖర్చు చాలాసార్లు రాదు. అక్కడ ఒక్క పంటికి అయ్యే బిల్లు ముందు మీ మిక్సీ ధర ఏ మూలకూ రాదు. కళ్లజోడు ఉంటే రెండు జతలు, దాని చీటీ పెట్టండి. రోజూ వేసుకునే మందులుంటే మూడు నెలలకు మించకుండా, డాక్టరు చీటీతో, అసలు ప్యాకింగులోనే ఉండాలి. ఇక్కడ ధారాళంగా ఖర్చు పెట్టండి, నేను అడ్డు చెప్పను. ఐ-20 (వీసా కోసం విశ్వవిద్యాలయం ఇచ్చే పత్రం), మార్కుల పత్రాలు, టీకాల రికార్డు, పవర్ బ్యాంకు చేతి సంచిలోనే పెట్టాలి.

ఇలా చేస్తే వైద్యంతో కలిపి 70, 80 వేలలో తేలిపోవచ్చు. మిగిలిన దాంట్లో లక్షను డాలర్లుగా మార్చండి. కొన్ని వందలు నోట్లుగా, మిగతాది ఫారెక్స్ కార్డులో, అంటే ముందే డాలర్లు నింపి విదేశంలో వాడుకునే కార్డులో. దిగగానే అద్దె, అడ్వాన్సు, పరుపు, సరుకులు అన్నీ ఒకేసారి మీద పడతాయి. అక్కడ అతనికి క్రెడిట్ చరిత్ర, అంటే అప్పులు సరిగ్గా తీర్చిన రికార్డు, ఉండదు కాబట్టి అడ్వాన్సు ఎక్కువే అడగవచ్చు. ఆ వారం చేతిలో డబ్బు లేకనే పిల్లలు అప్పులు చేస్తారు. ఇంటి నుంచి పంపే డబ్బు ఏడాదికి 10 లక్షలు దాటనంతవరకు టీసీఎస్ (విదేశాలకు డబ్బు పంపేటప్పుడు బ్యాంకు ముందే వసూలు చేసే పన్ను) పడదు, బ్యాంకు విద్యారుణంతో పంపే డబ్బుకూ పడదు.

అబ్బాయి ఇక్కడి ఫోన్ నంబరును రోమింగ్‌తో బతికించి ఉంచండి, లేకపోతే బ్యాంకు ఓటీపీలు ఆగిపోతాయి. అతని సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓగా, అంటే విదేశాల్లో ఉండేవారికి ఇక్కడ ఉండే ఖాతాగా మార్పించాలి. వెళ్లేలోపు అతని తరఫున మీరు సంతకాలు చేసేలా మీ పేరిట పవర్ ఆఫ్ అటార్నీ కూడా రాయించుకోండి. చదువుతున్న కాలంలోనే నెలనెలా వడ్డీ కట్టేవారికి కొన్ని బ్యాంకులు వడ్డీ రేటులో 1 శాతం వరకు రాయితీ ఇస్తాయి. మీ బ్యాంకులో అడగండి. మొదటి విడతగా 8 లక్షలు తీసుకుంటే వడ్డీ నెలకు 7,300 దాకా అవుతుంది. మిగిలే ఆ 20, 30 వేలతో మొదటి మూడు నెలల వడ్డీ దాదాపుగా గడిచిపోతుంది.