జమిలి ఎన్నికలపై చర్చా పోటీ: ఆధారాలు ఎక్కడ వెతకాలి?

ప్రశ్న: కళాశాలల మధ్య జరిగే చర్చా పోటీకి ఈసారి ‘జమిలి ఎన్నికలు (లోక్‌సభకు, శాసనసభలకు ఒకేసారి జరిపే ఎన్నికలు) దేశానికి మేలు చేస్తాయి’ అనే అంశం ఇచ్చారు. అనుకూలంగా మాట్లాడాలా, ప్రతికూలంగా మాట్లాడాలా అన్నది పోటీ రోజు ఉదయం చీటీ తీసి చెబుతారు. ఇంకా పన్నెండు రోజుల గడువు ఉంది. ఇంటర్నెట్‌లో చూస్తే ఖర్చు తగ్గుతుందని కొందరు, ప్రాంతీయ పార్టీలు దెబ్బతింటాయని కొందరు ఒకే మాటలు తిప్పి తిప్పి రాశారు. నిరుడు నేను చెప్పిన ఒక అంకెకు ఆధారం ఏమిటని న్యాయనిర్ణేత అడిగితే జవాబు చెప్పలేకపోయాను. నమ్మదగిన సమాచారం ఎక్కడ దొరుకుతుంది?
— డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థిని, ఏలూరు

జవాబు: మీరు చూసిన వ్యాసాల్లో చాలా భాగం నాలుగైదు అసలు పత్రాల నుంచి పుట్టినవే కాబట్టి, వాటిని పట్టుకుంటే వెతుకులాట సగం తీరినట్లే. జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి అధ్యక్షతన లా కమిషన్ 1999లో ఇచ్చిన 170వ నివేదిక, 2015 డిసెంబరులో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఇచ్చిన 79వ నివేదిక, 2018 నాటి లా కమిషన్ ముసాయిదా, రామ్‌నాథ్ కోవింద్ కమిటీ 2024 మార్చి 14న రాష్ట్రపతికి సమర్పించిన నివేదిక, అదే ఏడాది డిసెంబరు 17న లోక్‌సభలో ప్రవేశపెట్టిన 129వ రాజ్యాంగ సవరణ బిల్లు ముఖ్యమైనవి. కోవింద్ కమిటీ నివేదిక 18,626 పేజీలని విని బెదిరిపోకండి. అందులో అనుబంధాలే ఎక్కువ, అసలు నివేదిక మూడు వందల పైచిలుకు పేజీలు. అభిప్రాయం తెలిపిన 47 పార్టీల్లో 32 సమర్థించాయి, 15 వ్యతిరేకించాయి. వ్యతిరేకించినవారి కారణాలు కూడా అందులోనే ఉన్నాయి కనుక చీటీలో ఏ పక్షం వచ్చినా ఆ నివేదిక మీకు అక్కరకొస్తుంది.

బిల్లు విషయంలో మాత్రం పీఆర్‌ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ సంస్థ రాసిన సారాంశాన్ని ముందు చదివి, ఆ తరువాత బిల్లు పాఠాన్ని దగ్గర పెట్టుకోండి. కొత్తగా చేర్చదలచిన 82ఎ అధికరణంతో పాటు 83, 172 అధికరణాలకు ప్రతిపాదించిన మార్పులను నిదానంగా చదవాలి. మధ్యలో రద్దయిన సభకు ఎన్నికలు జరిగితే కొత్త సభ పూర్తి అయిదేళ్లు కాక, మిగిలిన కాలమే కొనసాగుతుందన్న నిబంధన అక్కడే ఉంది. ‘ఇకపై మధ్యంతర ఎన్నికలే ఉండవు’ అని వేదిక మీద చెప్పేవారు ఈ భాగం చదవనివారే.

ఆధారాన్ని ఎంత దూరం తవ్వాలో తెలియడానికి ఒక ఉదాహరణ చూడండి. ‘1967 వరకు దేశమంతటా లోక్‌సభకు, శాసనసభలకు కలిపే ఎన్నికలు జరిగాయి’ అన్న వాక్యం దాదాపు ప్రతి వ్యాసంలోనూ ఉంటుంది. స్థూలంగా అది నిజమే కానీ, మీ జిల్లా చరిత్రే దానికి మినహాయింపు. మద్యనిషేధం విషయమై వచ్చిన అవిశ్వాస తీర్మానంలో ప్రకాశం పంతులు ప్రభుత్వం 1954 నవంబరులో పడిపోవడంతో, ఆంధ్ర రాష్ట్రంలో 1955లోనే 196 స్థానాలకు ఎన్నికలు జరిగాయి. ఆ సభ్యులే 1956లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 1962 వరకు కొనసాగారు. అందువల్ల 1957లో దేశం రెండో సార్వత్రిక ఎన్నికలకు వెళ్లినప్పుడు ఇక్కడ శాసనసభ ఎన్నికలు తెలంగాణ ప్రాంతంలోని 105 స్థానాలకే పరిమితమయ్యాయి, ఏలూరులాంటి చోట్ల ఓటర్లు లోక్‌సభకే ఓటు వేశారు. ఎన్నికల సంఘం వెబ్‌సైటులో 1955, 1957 గణాంక నివేదికలు తెరిచి చూస్తే ఈ తేడా పది నిమిషాల్లో బయటపడుతుంది. కేరళలో 1960లో విడిగా జరిగిన ఎన్నికలు ఇలాంటి మరో మినహాయింపు. ఆనాటి వాతావరణం తెలియాలంటే ప్రెస్ అకాడమీ డిజిటలీకరించిన పాత తెలుగు పత్రికలు తిరగేయండి. నా మట్టుకు నేను గణాంకాల కన్నా ఆ సంపాదకీయాల దగ్గరే ఎక్కువసేపు ఆగిపోతాను, మీరు మాత్రం గడువు మరిచిపోవద్దు.

రెండు రాష్ట్రాల అంకెలు కూడా మీకు చేతికందే సరుకే. ఆంధ్రప్రదేశ్‌లో 1999 నుంచి 2024 వరకు రెండు ఎన్నికలూ కలిసే జరిగాయి. తెలంగాణలో 2018 సెప్టెంబరులో శాసనసభను రద్దు చేయడంతో అవి విడిపోయాయి. 2018 డిసెంబరులో శాసనసభకు సుమారు 73 శాతం ఓటర్లు తరలివస్తే, నాలుగు నెలలకు లోక్‌సభకు వచ్చినవారు సుమారు 63 శాతమే. అదే 2019 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో పోలింగ్ 80 శాతం దరిదాపుల్లో ఉంది. అనుకూల పక్షానికి ఇది బలమైన వాదమే అయినా, రెండు రాష్ట్రాల పోటీ తీవ్రత వేరు, హైదరాబాద్ వంటి మహానగరపు ఓటింగ్ తీరు వేరు అని అవతలివారు అడ్డుకుంటారు.

ఇక ప్రతికూల పక్షం తరచుగా వాడే 77 శాతం సంగతి. కలిపి ఎన్నికలు జరిపితే ఓటరు కేంద్రానికీ రాష్ట్రానికీ ఒకే పార్టీని ఎన్నుకునే అవకాశం 77 శాతమని ఐడీఎఫ్‌సీ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ విశ్లేషణ చెప్పింది. అది 1999 నుంచి 2014 వరకు జరిగిన నాలుగు ఎన్నికల ఫలితాల నుంచి లెక్కగట్టిన అంకె, ఓటర్లను అడిగి తేల్చినది కాదు. పైగా ఆ ఒకే పార్టీ జాతీయ పార్టీయే అయివుండాలన్న నియమం లేదు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో 175 శాసనసభ స్థానాల్లో 151, 25 లోక్‌సభ స్థానాల్లో 22 ఒక ప్రాంతీయ పార్టీకే దక్కాయి. ఎవరో ఎత్తిరాసిన అంకెతో సరిపెట్టుకుంటే ఈ మెలిక తెలియదు.

వీలైతే 1949 జూన్ నాటి రాజ్యాంగ సభ చర్చలు కూడా చదవండి. ఎన్నికల సంఘం గురించి మాట్లాడుతూ శిబ్బన్‌లాల్ సక్సేనా, రానురాను ఏదో ఒక రాష్ట్రంలో ఎప్పుడూ ఎన్నికలు జరుగుతూనే ఉంటాయని ఆనాడే ఊహించారు. నోట్సు రాసుకునేటప్పుడు ప్రతి అంకె పక్కనే పత్రం పేరు, సంవత్సరం, పేజీ సంఖ్య రాసుకోండి.

ప్రశ్న: మా బడి పిల్లలు చర్చా పోటీలకు వికీపీడియా నుంచి, చాట్‌బాట్‌ల నుంచి సమాచారం తెచ్చుకుంటున్నారు. వద్దని చెప్పాలా?
— ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు, ఖమ్మం

జవాబు: వద్దనక్కరలేదు, అక్కడే ఆగిపోవద్దని చెప్పండి. వికీపీడియా వ్యాసం కన్నా దాని అడుగున ఉండే మూలాల పట్టికే పిల్లలకు ఎక్కువ ఉపయోగం. చాట్‌బాట్ లేని నివేదికకు కూడా పేరు, సంవత్సరం పెట్టి నమ్మకంగా చెప్పగలదు కాబట్టి, అది చెప్పిన పత్రాన్ని తెరిచి ఆ పేజీని మీకు చూపించిన విద్యార్థినే ఆ మాట వాడుకోనివ్వండి.