దింపు డబ్బు, జూన్ ఫీజు: విడాకుల కాగితంలో పిల్లల లెక్క

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. మావారూ నేనూ రెండేళ్లుగా విడిగా ఉంటున్నాం. ఇద్దరం ఒప్పుకునే విడాకులకు వెళ్తున్నాం. బాబుకి పదేళ్లు, ఐదో తరగతి. పాపకి ఆరేళ్లు, ఒకటో తరగతి. ఇద్దరూ నా దగ్గరే ఉంటారు, ఆదివారాలూ పండగలూ వాళ్ల నాన్న దగ్గరికి వెళ్తారు. నేను అమలాపురంలో ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని, జీతం 16 వేలు. ఆయనకి మూడెకరాల కొబ్బరితోట, నాలుగెకరాల వరి ఉన్నాయి. "నాకేమన్నా నెల జీతమా, నెలనెలా ఎక్కడి నుంచి తెచ్చివ్వను? ఒకేసారి 12 లక్షలు ఇచ్చేస్తాను, కాదంటే ఎకరం తోట పిల్లల పేర రాసేస్తాను" అంటున్నారు. పెద్దలు 12 లక్షలు తీసుకోమంటున్నారు. ఏది మంచిదండీ?

జవాబు: ముందు ఒక్కటి తేల్చుకోండి. ఈ 12 లక్షలు ఎవరివి? మీ భరణమా, పిల్లల పోషణా, పెళ్లికి మీ పుట్టింటివాళ్లు పెట్టిన బంగారం తాలూకు లెక్కా? పెద్దల్లో కూర్చున్నప్పుడు అందరికీ తొందరగా తేలిపోతే బాగుండునని ఉంటుంది. ఎవరో ఒక అంకె అంటారు, దాని చుట్టూ బేరం నడుస్తుంది. అందులో పిల్లల వాటా ఎంతో అడిగేవాళ్లు ఉండరు. మీ బంగారం, పసుపు కుంకుమ కింద మీకిచ్చింది ఏదైనా ఉంటే అది మీ సొంతం. అది తిరిగి ఇచ్చినంత మాత్రాన ఆయన మీకు కొత్తగా ఇచ్చింది ఏమీ లేదు, దాన్ని ఈ లెక్కలోంచి తీయించండి. మీ భరణం వేరే అంకె, దాని గురించి లాయరుతో విడిగా మాట్లాడండి. ఇక్కడ నేను పిల్లల డబ్బు గురించే రాస్తున్నాను.

మీరు పంపిన ఖర్చులు కూడితే ఇద్దరికీ స్కూలు ఫీజు 75 వేలు, బస్సు 20 వేలు, పుస్తకాలూ యూనిఫాంలూ 20 వేలు. తిండి, బట్టలు, మందులకి నెలకి 8 వేలు. మొత్తం ఏడాదికి 2 లక్షల 11 వేలు. 12 లక్షలనీ డిపాజిట్ చేసి 7 శాతం వడ్డీ వస్తుందనుకుందాం, ఖర్చులేమో ఏడాదికి 8 శాతం పెరుగుతాయి. ఆ లెక్కన డబ్బు ఐదేళ్లు వస్తుంది, ఆరో ఏడు మధ్యలో అయిపోతుంది. అప్పటికి బాబు పదో తరగతిలో ఉంటాడు, పాప ఆరులో ఉంటుంది. ఇంటర్‌కి విజయవాడలోనో రాజమండ్రిలోనో హాస్టల్లో వేయాలంటే ఏడాదికి లక్ష దాటడం మామూలే. సరిగ్గా ఆ రోజుకి మీ చేతిలో మిగిలేది మీ జీతమే. ఇప్పుడు పెద్ద మొత్తంలా కనబడుతున్న 12 లక్షలు పిల్లల చదువులో సగం దూరం కూడా రావు. అందుకే ఈ ఒక్క మొత్తానికి ఒప్పుకోవద్దంటున్నాను.

ఇక ఎకరం తోట. ఆ తోట ఆయన సొంతంగా కొన్నదా, తాతల నుంచి వచ్చిన ఉమ్మడి ఆస్తా? ఉమ్మడి ఆస్తి అయితే అందులో మీ పిల్లలకి పుట్టుకతోనే వాటా ఉంది. 2005 సవరణ తర్వాత దేశమంతటా కూతురికీ కొడుకుతో సమానంగా హక్కు వచ్చింది. మన రాష్ట్రంలో అయితే కూతుళ్లకి ఆ హక్కు 1980లలోనే మొదలైంది. అంటే ఆయన ఇస్తానంటున్నది పిల్లలకి ఇప్పటికే ఉన్నదే కావచ్చు. పాత దస్తావేజులు లాయరుకి చూపించి ఇది తేల్చుకోండి.

ఆయన సొంత ఆస్తి అయినా సరే, పిల్లల పేర రాస్తానంటే వద్దనకండి. మైనర్ల పేరున్న భూమిని కోర్టు అనుమతి లేకుండా తండ్రీ అమ్మలేడు, తల్లీ అమ్మలేదు. ఆ రక్షణ మంచిదే. కాకపోతే జూన్‌లో ఫీజు కట్టేది కాగితం కాదు. ఆ ఎకరం ఆయన మిగతా రెండెకరాల మధ్యలో ఉంటే దారి ఎవరిది? నీళ్లు ఎవరి బోరువి? దింపు (చెట్ల నుంచి కాయలు దించడం) తీయించేది ఎవరు, కాయల డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది? పాసుపుస్తకం బ్యాంకులో పెట్టి పంట అప్పు తీసుకున్నారేమో, ఈసీ (భూమి మీదున్న లావాదేవీలు చూపే రిజిస్ట్రేషన్ ఆఫీసు పత్రం) తీయించి చూడండి. ఉప్పునీటి పోటు తగిలే చోటా కాదా అన్నదీ చూసుకోండి. రాజోలు వైపు శంకరగుప్తం డ్రెయిన్ పక్కన కొబ్బరిచెట్లు మోడులైపోయిన సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. తోట పిల్లల భవిష్యత్తుకి ఆస్తిగా ఉండనివ్వండి. నెలనెలా పోషణకి బదులుగా మాత్రం దాన్ని తీసుకోకండి.

మరి ఏం అడగాలి? రైతుకి నెల జీతం ఉండదన్న ఆయన మాట నిజమే. కానీ ఆయన రాబడికీ తేదీలున్నాయి. దింపు దాదాపు రెండు నెలలకోసారి ఉంటుంది. దాళ్వా (రెండో పంట) వరి డబ్బు ఏప్రిల్, మే నెలల్లో చేతికొస్తుంది, సార్వా (మొదటి పంట) వరి డబ్బు సంక్రాంతిలోపు వస్తుంది. బడులు తెరిచేది జూన్ 12న. ఈ రెండు క్యాలెండర్లనూ కలిపి రాయిద్దాం.

మీ పిల్లల కోసం ఒక విడి బ్యాంకు ఖాతా తెరవండి. పిల్లల ఖర్చు తప్ప ఇంకేదీ అందులోంచి వెళ్లకూడదు. ప్రతి దింపు అమ్మిన వారంలోపు ఆయన అందులో 10 వేలు వేయాలి, అంటే నెలకి 5 వేలు. దింపు ఆలస్యమైనా రెండు నెలల గడువు దాటకూడదు. మే 31లోపు దాళ్వా డబ్బులోంచి 75 వేలు, జనవరి 20లోపు సార్వా డబ్బులోంచి 40 వేలు వేయాలి. స్కూలుకి సంబంధించిన లక్షా 15 వేలూ దీంతో తీరిపోతాయి. మొత్తం మీద ఆయన వంతు ఏడాదికి లక్షా 75 వేలు. మిగతా నెలకి 3 వేలు మీరు పెట్టుకుంటారు. పిల్లల్ని పెంచే శ్రమ ఎలాగూ మీదే కాబట్టి ఈ పంపకం న్యాయంగానే ఉందని నా అభిప్రాయం. ఈ అంకెలు ఏటా 8 శాతం పెరగాలనీ, ఇంటర్‌లోనూ డిగ్రీలోనూ చేరే ముందు మళ్లీ కూర్చుని మాట్లాడుకోవాలనీ రాయించండి.

తుపానొస్తే? 1996 నవంబరు చూసిన కోనసీమలో ఇది ఉత్త అనుమానం కాదు. అందుకే ఆయన దగ్గర సిద్ధంగా ఉన్న 12 లక్షల్లోంచి మూడున్నర లక్షలు, అంటే రెండేళ్ల వంతు, పూచీగా డిపాజిట్ చేయించండి. ఆయన గడువుకి కట్టలేకపోతేనే అందులోంచి తీయాలి. తీసినదాన్ని తర్వాతి పంటకి ఆయన మళ్లీ పూడ్చాలి. మిగతా డబ్బు సాగుకి ఆయన దగ్గరే ఉంటుంది కాబట్టి ఆయనకీ ఇది మింగుడుపడుతుందనే అనుకుంటున్నాను. మీరు బేరానికి కూర్చున్నప్పుడు ఈ మాట ముందు చెప్పండి.

ఆ డిపాజిట్ మీద ఏడాదికి 24 వేల దాకా వడ్డీ వస్తుంది. నెలకి వెయ్యి పాప పేర సుకన్య సమృద్ధిలో, వెయ్యి బాబు ఇంటర్ కోసం పోస్టాఫీసు ఆర్‌డీలో వేయండి. సుకన్య ఖాతా పాపకి పదేళ్లు నిండకముందే తెరవాలి. 2024 జనవరి నుంచి దాని వడ్డీ 8.2 శాతం, ప్రభుత్వం మూడు నెలలకోసారి సమీక్షిస్తుంది. గార్డియన్‌గా మీ పేరే పెట్టుకోండి. పిల్లల పేర ఉన్న మామూలు డిపాజిట్ల వడ్డీని విడాకుల తర్వాత వాళ్లని పోషిస్తున్న తల్లి లేదా తండ్రి ఆదాయంలో కలుపుతారు. మీ జీతానికి అది కలిసినా పన్ను పడదు, టెన్షన్ వద్దు.

ఒక బీమా కూడా అడగాలి. ఈ ఏర్పాటంతా ఆయన బతికి సాగు చేస్తేనే నడుస్తుంది. పాపకి 21 ఏళ్లు వచ్చేదాకా ఆయన మీద టర్మ్ పాలసీ ఉండాలి. 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద పిల్లల్ని లబ్ధిదారులుగా పెట్టి తీసుకుంటే ఆయన అప్పులవాళ్లు ఆ డబ్బు జోలికి రాలేరు. విడాకుల డిక్రీ (కోర్టు తుది ఉత్తర్వు) రాకముందే తీయించండి. ఆదాయం రుజువు అడుగుతారు కాబట్టి పంట అమ్మిన బిల్లులు ఉంచమనండి. మీ బ్యాంకు ఖాతాల్లో, పాలసీల్లో నామినీగా ఇంకా ఆయన పేరే ఉందేమో చూసుకోండి. విడాకులైనంత మాత్రాన అది దానంతటదే మారదు. పిల్లల పేర మారిస్తే, వాళ్లు మైనర్లు కాబట్టి తరఫున డబ్బు తీసుకునే పెద్దవాళ్ల పేరు కూడా ఇవ్వాలి.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. ఆదివారం సాయంత్రం బాబు నాన్న దగ్గర నుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే "ఫీజు సంగతి అడిగావా?" అని ఎప్పుడూ అడగకండి. పదేళ్ల పిల్లాడు ఆ ప్రశ్నకి భయపడి నాన్న దగ్గరికి వెళ్లడమే మానేస్తాడు, లేదంటే ఇక్కడో మాట అక్కడో మాట చెప్పడం నేర్చుకుంటాడు. ఫీజు రసీదు ఫోటో తీసి ఆయనకి వాట్సాప్‌లో పెట్టండి, చాలు. ఆయన డబ్బు ఆలస్యం చేశారని పిల్లల్ని పంపడం ఆపొద్దు. పిల్లలు ఓ వారం రాలేదని ఆయన డబ్బు ఆపకూడదు. ఈ రెండూ ఒప్పందంలో పక్కపక్కనే రాయించండి. వేసవి సెలవుల్లో పిల్లలు ఆయన దగ్గరుంటే "ఇక్కడే తింటున్నారుగా" అని ఆ నెల డబ్బు తగ్గించడం ఉండదనీ రాయాలి. ఫీజూ బస్సూ సెలవుల్లో తగ్గవు కదా. అక్కడి తిండీ షికార్లూ ఆయన ఖర్చు. కనుమ నాడు జగ్గన్నతోట తీర్థానికి పిల్లలు ఎవరితో వెళ్తారో కూడా ముందే అనుకోండి. ఒక ఏడు భోగి, సంక్రాంతి మీ దగ్గర, కనుమ అక్కడ, మరుసటి ఏడు తిరగేసి పెట్టుకోవచ్చు.

ఇదంతా పెద్దమనుషుల సంతకాలున్న స్టాంపు కాగితం మీద ఉంటే సరిపోదు. ఉమ్మడి పిటిషన్‌లో రాసి, డిక్రీలోకి ఎక్కాలి. అప్పుడే ఆయన తప్పితే అదే కోర్టులో అమలు చేయించుకోగలరు. మొదటి విడత హాజరుకీ రెండో విడతకీ మధ్య మామూలుగా ఆరు నెలలు ఉంటుంది. పూచీ డిపాజిట్, పాలసీ, ఖాతా ఈ ఆరు నెలల్లో పూర్తవ్వాలి, అవి చేతిలోకి వచ్చాకే రెండో సంతకం పెట్టండి. "ఇకపై పిల్లలకి ఏమీ అడగను" అన్న వాక్యం ఎవరు రాసినా కొట్టేయించండి. పిల్లల పోషణ వాళ్ల హక్కు, వాళ్ల తరఫున మీరు దాన్ని వదులుకోలేరు. పరిస్థితులు మారితే కోర్టు ఆ మొత్తాన్ని మళ్లీ మార్చగలదు కూడా.

లాయరు ఫీజు భారమైతే 15100కి ఫోన్ చేయండి. మహిళలకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. వెళ్లేటప్పుడు ఈ ఖర్చుల పట్టిక, తోట దస్తావేజులు, ఈసీ, పిల్లల ఫీజు రసీదులు పట్టుకెళ్లండి.