పాత టేబుల్ సా: కొత్త బ్లేడు వేస్తే సరిపోతుందా?

మీ ప్రశ్న: "సెకండ్ హ్యాండ్ టేబుల్ సా ఒకటి చవగ్గా వస్తోంది. కొత్త బ్లేడు వేసుకుంటే చాలా, ఇంకేమైనా చూసుకోవాలా?"

టేబుల్ సా అంటే బల్ల మధ్యలోంచి గుండ్రటి రంపం బ్లేడు పైకి లేచి తిరిగే మిషను. చవగ్గా అంటే ఎంతకో చెప్పలేదు. నేను 2016లో విశాఖ కంచరపాలెంలో మూతపడిన ఒక ఫర్నిచర్ షెడ్డు నుంచి 14 వేలకు తెచ్చుకున్నాను. ఆ తర్వాత దాని మీద ఎంత పోశానో మా ఆవిడ దగ్గర లెక్క ఉంది. నేను అడగను, ఆవిడ చెప్పకుండా ఉండదు.

బ్లేడు వేస్తే సరిపోదు. పాత మిషను కొన్న ప్రతివాడూ మొదట బ్లేడే కొంటాడు, నేనూ అదే చేశాను. పూర్ణా మార్కెట్ దగ్గర హార్డ్‌వేర్ షాపులో 60 పళ్ళ కార్బైడ్ (గట్టి లోహపు పళ్ళ) బ్లేడు తీసుకుని, బిగించి, మీసం తిప్పుకున్నాను. వారం తిరక్కుండా మా తులసికోట మూల ఎగిరిపోయింది.

అసలు నాకు ఈ వడ్రంగం పిచ్చి హుద్‌హుద్ తుఫాను వల్ల పట్టుకుంది. 2014 అక్టోబర్ 12న పెదవాల్తేరులో మా పెరట్లో వేపచెట్టు వేళ్ళతో సహా పడిపోయింది. ఊరంతా చెట్లే పడి ఉన్న రోజులవి, అందరూ కట్టెల రేటుకు ఇచ్చేస్తున్నారు. మా నాన్న నాటిన చెట్టు కదా, మనసొప్పక మొద్దును కోత మిల్లులో పలకలు కోయించాను. మధ్యమధ్యలో చెక్క బద్దలు పెట్టి మెట్ల కింద రెండేళ్ళు ఆరబెట్టాను. ఆ పలకల కోసమే ఈ మిషను.

వేప గురించి ఒక మాట. దాని నార ఒక పొర ఇటు, ఒక పొర అటు పెనవేసుకుని ఉంటుంది. పైకి ఎంత ఆరినా లోపల బిగువు మిగులుతుంది. పొడవుగా చీలుస్తుంటే కోసిన సందు వెనక నుంచి మూసుకుపోతుంది. ఇది నాకు ఆ రోజు తెలియదు.

ఆదివారం పొద్దున్న. నాలుగడుగుల పలకను గైడుకి, అంటే బ్లేడు పక్కన పలకను సూటిగా నడిపే పట్టీకి, ఆనించి తోస్తున్నాను. సగం దూరం బాగానే వెళ్ళింది. తర్వాత చెక్క కాలిన వాసన మొదలైంది, మోటారు గొంతు బొంగురుపోయింది. అక్కడ ఆపేయాల్సింది. నేను ఇంకా గట్టిగా తోశాను. పలక వెనక కొస కొద్దిగా పైకి లేవడం కనపడింది, అంతే. లుంగీ అంచు చింపుకుని, నా తుంటి మీద అరచేతి వెడల్పున కమిలిన మచ్చ పెట్టి, వెనకెక్కడో పెద్ద చప్పుడు. తిరిగి చూస్తే తులసికోట ఈశాన్యపు మూల లేదు. మా అమ్మ అప్పుడే నీళ్ళు పోసి లోపలికి వెళ్ళింది.

తర్వాత కూర్చుని లెక్క వేశాను. మోటారు 2880 తిరుగుళ్ళది, దానికి అయిదంగుళాల పుల్లీ, బ్లేడు ఎక్కే షాఫ్టుకి మూడున్నర. అంటే బ్లేడు నిమిషానికి 4100 పైన తిరుగుతోంది. పదంగుళాల బ్లేడు కొసన పన్ను వేగం గంటకు దగ్గర దగ్గర 197 కిలోమీటర్లు. షోయబ్ అక్తర్ వేసిన అతి వేగమైన బంతి 161. దానికి బ్యాటూ ప్యాడ్లూ ఉంటాయి, నాకు లుంగీ ఉంది.

మా వీధిలో షిప్‌యార్డులో ఫిట్టరుగా చేసి రిటైరైన బాబాయి గారు ఒకరున్నారు. చప్పుడు విని వచ్చారు. పలకను ఎత్తి దాని అంచు చూశారు, నన్ను చూడలేదు. కోసిన ముఖం మీద రంపం గీతలు మామూలుగా ఒకవైపుకే వంపు తిరగాలి. దీని మీద రెండు వైపులా వంపులు, ఒకదాని మీద ఒకటి, ముగ్గుపిండి జల్లెడ అడుగులా. "ఎనకపళ్ళు కూడా కోస్తున్నాయిరా. బ్లేడు కొత్తదైతే ఏటి, కూకున్న పీటే వంకరైతే?" అన్నారు.

ఇంటికి వెళ్ళి పాత బనీను గుడ్డలో చుట్టిన డయల్ గేజి, అంటే చిన్న చిన్న తేడాల్ని ముల్లుతో చూపించే కొలత సాధనం, తెచ్చారు. ముందు ప్లగ్గు పీకించారు. స్విచ్ ఆపితే చాలదా అంటే, "నీ వేళ్ళు, నీ ఇష్టం" అన్నారు. బల్ల మీద బ్లేడు పక్కన పొడుగ్గా గాడి ఉంటుంది కదా, మిషనులో ఏది సరిచేసినా దాన్నే సూటిగా అనుకుని కొలవాలి. ఒక పన్నుకి ఎర్ర స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టి, ఆ పన్ను ముందువైపు ఉన్నప్పుడు గాడి నుంచి ఎంత దూరమో చూడాలి. బ్లేడు తిప్పి అదే పన్నుని వెనక్కి తెచ్చి మళ్ళీ చూడాలి. వేరే పన్ను పట్టుకుంటే బ్లేడులో ఉన్న వంకర కూడా లెక్కలో కలిసిపోతుంది. తేడా 0.1 మిల్లీమీటరు లోపల ఉంటే సరే. నాది 0.8, అదీ గైడు వైపుకి. అంటే పలక వెనక్కి వెళ్ళేకొద్దీ బ్లేడుకీ గైడుకీ మధ్య నలుగుతోంది. పైకి లేచే వెనకపళ్ళు దాన్ని ఎత్తి నా మీదికి విసిరాయి.

డయల్ గేజి లేకపోయినా పరవాలేదు. గాడిలో బిగువుగా జారే చెక్కముక్కకి ఒక స్క్రూ బిగించి, దాని తలను పన్నుకి తాకించి చూసినా తెలిసిపోతుంది. గేజి లేదని పని మానేసేవాళ్ళు గేజి ఉన్నా మానేస్తారు.

నాది ఇక్కడివాళ్ళు చేసే రకం మిషను. పోత ఇనుప బల్ల, కింద యాంగిల్ ఫ్రేము, షాఫ్టుని పట్టుకోవడానికి పీటల్లాంటి రెండు పెడస్టల్ బేరింగులు, బెల్టు. మీకు దొరికేదీ ఇలాంటిదే అయ్యుంటుంది. ఈ బేరింగుల బోల్టు రంధ్రాలు కోలగా ఉంటాయి, సర్దుకోవడానికే. ఒకదాని బోల్టులు వదులు చేసి సుత్తి పిడితో తట్టాలి, సుత్తితో కాదు. ఒక మిల్లీమీటరు జరపాలి. జరిపి బిగిస్తే బిగింపులోనే మళ్ళీ పక్కకి పోతుంది. అయిదోసారికి కుదిరింది, 0.07కి వచ్చింది. షాఫ్టు కదిలింది కాబట్టి పుల్లీలు కూడా తప్పుతాయి. వాటి ముఖాల మీద నూలుదారం లాగి పట్టి, మోటారు జరిపి సూటి చేసుకోవాలి. ఇది వదిలేస్తే బెల్టు ఒక పక్క అరిగి నల్ల పొడి రాలుస్తుంది.

ఇంకో దరిద్రం అప్పుడే బయటపడింది. బ్లేడు బోరు, అంటే మధ్య రంధ్రం, 30 మిల్లీమీటర్లు, షాఫ్టు 25.4. మధ్యలో పాత ఓనరు పెట్టుకున్న బుష్షు (సందు పూడ్చే రింగు) సెంటర్‌లో లేదు. నేను నా కొత్త బ్లేడుని కూడా దాని మీదే ఎక్కించాను. బ్లేడు ఒక పక్కకి జరిగి తిరుగుతుంటే ఆ పక్క పళ్ళే చెక్కకి తగులుతాయి. అరవై పళ్ళకి డబ్బు కట్టి ఏడెనిమిది పళ్ళతో కోసుకుంటున్నానన్నమాట. గాజువాక ఆటోనగర్‌లో లేతు పని చేసే కుర్రాడు అరగంటలో కొత్త బుష్షు తీసి ఇచ్చాడు. మీరు బ్లేడు కొనేముందు షాఫ్టు కొలవండి. షాపువాడు "అన్నిటికీ పడుతుంది సార్" అంటాడు, వాడికి ఏ మిషనైనా ఒకటే.

ఆ లేతు దగ్గరే 2.5 మిల్లీమీటర్ల రేకుతో రైవింగ్ నైఫ్ కూడా చేయించాను. బ్లేడు వెనక, పళ్ళకి 5 మిల్లీమీటర్ల ఎడంలో నిలబడే రేకు అది. కోసిన సందు మూసుకుపోకుండా పట్టి ఉంచుతుంది. బ్లేడు రేకు కన్నా మందంగా, పళ్ళు కోసే సందు కన్నా పల్చగా ఉండాలి. నా దృష్టిలో ఇది లేని మిషను సగం మిషనే. మన దగ్గర అమ్మే పాతవాటిలో పదింటికి తొమ్మిదింటికి ఉండదు. ఉన్నా "అడ్డమొస్తోంది" అని పీకి మూలన పడేసి ఉంటారు.

అడ్డమంటే గుర్తొచ్చింది. మార్బుల్ కట్టర్ని ప్లైవుడ్ కింద తలకిందులుగా బిగించి, స్విచ్చికి వైరు చుట్టి, "2 వేలలో టేబుల్ సా" అని వీడియోలు పెడుతున్నారు. టైల్స్ కోసుకునే సామాను అది. గార్డు లేదు, రేకు లేదు, ఆపాలంటే గోడ దగ్గరికి పరిగెత్తాలి. కింద కామెంట్లలో "సూపర్ అన్నా". ఆ అన్నకి ఇంకా పది వేళ్ళున్నాయా అని ఒక్కరూ అడగరు.

ఇక మన ఊరి ఉప్పుగాలి. హైదరాబాద్ వాళ్ళకి ఈ బాధ అర్థం కాదు. రాత్రి బల్ల మీద మజ్జిగ గ్లాసు పెట్టి మర్చిపోయాను, పొద్దున్నకి గుండ్రంగా కుంకుమ రంగు వలయం. ఇప్పటికీ ఉంది. తుప్పుకి 400 నంబరు ఎమరీ కాగితం, కిరసనాయిలు చాలు. గీతలు ఒకవైపుకే వచ్చేలా రుద్ది, పొడిగుడ్డతో తుడిచి, తేనెమైనం పల్చగా పట్టించి మెరుగు పెట్టాలి. వానాకాలంలో పదిహేను రోజులకోసారి. తొందరగా ఉంటే కొవ్వొత్తి రుద్దినా పలక జారుతుంది. ఇంజనాయిలు వద్దు, చెక్క తాగేస్తుంది. సిలికాన్ స్ప్రే అసలొద్దు, తర్వాత పాలిష్ వేస్తే కళ్ళు కళ్ళుగా విడిపోతుంది. ప్లాస్టిక్ పట్టా కప్పకండి, కింద చెమ్మ పట్టి ఇంకా తుప్పు లేస్తుంది. పాత దుప్పటి కప్పండి.

బ్లేడుకి సొన పడితే మొద్దుబారిందనుకుని సానకి ఇచ్చేస్తారు. ముందు బట్టలసోడా కలిపిన వేడినీళ్ళలో అరగంట నానబెట్టి టూత్ బ్రష్‌తో తోమి చూడండి. నా 60 పళ్ళ బ్లేడు ఇలా రెండేళ్ళు ఎక్కువ వచ్చింది. టేకు పొడవుగా చీల్చడానికి మాత్రం 24 పళ్ళది వేరే పెట్టుకోండి, 60తో చీలిస్తే మాడిపోతుంది.

కొనడానికి వెళ్ళేటప్పుడు జేబులో స్కెచ్ పెన్ను, అయిదు రూపాయల బిళ్ళ పెట్టుకెళ్ళండి. ప్లగ్గు పీకి పన్ను కొలత చూడండి, షాఫ్టుని చేత్తో పైకీ కిందికీ ఆడించి చూడండి. తర్వాత బ్లేడుకి దూరంగా బల్ల మీద బిళ్ళని అంచు మీద నిలబెట్టి మిషను వేయమనండి. బిళ్ళ పడిపోతే రెండు వేలు తగ్గించమని అడగొచ్చు. నా మిషను తిరుగుతున్నంతసేపూ బిళ్ళ నిలబడే ఉంటుంది. ఆపాక, వేగం తగ్గుతూ తగ్గుతూ ఒకచోట మిషను సన్నగా వణుకుతుంది, బిళ్ళ అప్పుడు పడుతుంది. బాబాయి గారు మోటారు పుల్లీ అంటున్నారు, నాకు బెల్టు మీద అనుమానం. వచ్చే ఆదివారం విప్పుతున్నాం.