సందేహాలు – సమాధానాలు: తెల్లవారిగా ‘చెలామణి’ కావడం

సందేహం: అమెరికా నల్లజాతివారి చరిత్ర మీద ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. చూడటానికి తెల్లగా ఉండే నల్లజాతివారు తెల్లవారిలో తెల్లవారిగా బతకడాన్ని అక్కడ ‘పాసింగ్’ అంటారు. దానికి ‘మారువేషం’ అని రాశాను. నల్లజాతివారిలోనే రంగు ఎక్కువ తక్కువలు చూసే ‘కలరిజం’కు ‘వర్ణవివక్ష’ అన్నాను. రెండూ కుదరలేదంటున్నారు మా సంపాదకులు. ఏం రాయమంటారు?

సమాధానం: మీ సంపాదకుల మాటే సరి. మారువేషం అంటే వేసుకునేది, పని అయ్యాక తీసేసేది. పాసింగ్‌లో వేసుకోవలసింది ఏమీ లేకపోవచ్చు. ఈ తేడా ఎలెన్ క్రాఫ్ట్ ఉదంతంలో బాగా తెలుస్తుంది. అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని మేకన్‌లో బానిసగా ఉన్న ఎలెన్, భర్త విలియంతో కలిసి 1848 డిసెంబరులో పారిపోయింది. ఆమె తండ్రి తెల్లవాడైన యజమాని, ఒంటి రంగు తెలుపే. రైళ్లలో, స్టీమర్లలో జబ్బు మనిషైన తోటల యజమానిలా ప్రయాణం చేసింది. వెంట ఉన్న భర్త ఆయన బానిస అన్నమాట! జుట్టు కత్తిరించుకుంది, ప్యాంటు తొడిగింది, రంగు కళ్లద్దాలు పెట్టుకుంది. గడ్డం లేదని తెలియకుండా ముఖానికి కట్టు, హోటల్ పుస్తకంలో సంతకం పెట్టమంటే రాయడం రాదు కనుక కుడిచేతికి ఇంకో కట్టు. క్రిస్మస్ నాటికి ఇద్దరూ ఫిలడెల్ఫియా చేరారు. ఇందులో మగవాడిగా కనిపించడం మారువేషం. తెల్లవాడిగా కనిపించడానికి ఆమె చేసింది ఏమీ లేదు, చూసినవాళ్లే అలా అనుకున్నారు. మొదటిదానికి మీ మాట చక్కగా సరిపోతుంది, రెండోదానికి సరిపోదు.

ఈ రెండోదానికి, అంటే పాసింగ్‌కు, ‘చెలామణి’ వాడండి. ‘పెద్దమనిషిగా చెలామణి అవుతున్నాడు’ అని మనం అనేదే. నాణెం తనంతట తాను చెల్లదు, ఎదుటివాడు పుచ్చుకుంటేనే చెల్లుతుంది. పాసింగ్‌లోని కీలకం కూడా ఎదుటివాడి ఒప్పుదలే. అయితే మన వాడుకలో ఈ మాటకు ‘నిజానికి కాదు’ అనే ఎత్తిపొడుపు అంటుకుని ఉంది. అందుకే ఆ మనిషి పూనుకుని చేయని చోట, ఊరికే ఎవరో పొరబడ్డ చోట ‘తెల్లమనిషి అనుకున్నారు’ అంటే చాలు. ‘నటించింది’ అని మాత్రం రాయకండి, అది తీర్పు చెప్పినట్టు అవుతుంది.

క్రియారూపం దగ్గర ఇంకొంచెం జాగ్రత్త కావాలి. కొందరు ఉద్యోగం కోసం పగలు తెల్లవారిగా ఉండి, సాయంత్రం సొంత పేటకు వచ్చేసేవారు. అక్కడ ‘చెలామణి అయ్యేది’ అని అలవాటు రూపం వాడాలి. కొందరు పేరు, ఊరు మార్చుకుని, అమ్మానాన్నలతో రాకపోకలు తెంచుకుని జీవితాంతం అటే ఉండిపోయారు. అక్కడ ‘తెల్లవారిలో కలిసిపోయింది’ అనండి. తిరిగి రావడం లేదన్న సంగతి ఆ ‘పోయింది’లోనే ఉంది. నల్లజాతివారి హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ నాయకుడు వాల్టర్ వైట్‌ది మూడో తీరు. నీలికళ్లు, లేతరంగు జుట్టు ఉన్న ఆయన తెల్లవాడిలా అమెరికా దక్షిణాదికి వెళ్లి, మూకహత్యల సంగతులు ఆరా తీసి బయటపెట్టేవాడు. ‘తెల్లవాడిగా చెలామణి అవుతూ’ అని చెప్పి, ఆ వెంటనే ఎందుకో కూడా చెప్పాలి. లేకపోతే పాఠకుడు ఆయన్ని తన జాతిని దాచుకున్నవాడని అనుకుంటాడు.

ఇక ‘వర్ణవివక్ష’. దక్షిణాఫ్రికా ప్రభుత్వపు ఒకప్పటి ‘అపార్థైడ్’ విధానానికి మన పత్రికలు ఈ మాటను ఏనాడో ఖాయం చేశాయి. పైగా ‘వర్ణం’ అనగానే చాతుర్వర్ణ్యం గుర్తుకొస్తుంది. అమెరికా విషయంలో ‘జాతివివక్ష’ మేలు, ఎందుకంటే అక్కడి చట్టం కంటికి కనిపించే రంగును పట్టించుకోలేదు. 1892లో న్యూ ఆర్లీన్స్‌లో తెల్లవారికి వేరుగా ఉంచిన రైలుపెట్టె ఎక్కిన హోమర్ ప్లెస్సీ వంశంలో ఎనిమిదో వంతు మాత్రమే నల్లజాతి. చూసి ఎవరూ పట్టలేరు కనుక తానే ఫలానా అని చెప్పి, దిగనని కూర్చుని, చట్టాన్ని సవాలు చేయడానికి అరెస్టయ్యాడు. 1896లో సుప్రీంకోర్టు తీర్పు ఆయనకు వ్యతిరేకంగా వచ్చింది. అది రంగు మీద నడిచిన కేసు కాదు.

కలరిజం రంగు మీదే నడుస్తుంది, అదీ సొంతవాళ్ల మధ్య. దానికి ‘రంగువివక్ష’ అనండి. తెలుగు మాట, సంస్కృతం మాట కలిపారని ఎవరైనా ముఖం చిట్లిస్తే, మిశ్రసమాసం అనేది వ్యాకరణం ఒప్పుకున్నదేనని చెప్పండి. ఈ జబ్బు మనకు కొత్తది కాదు కనుక దానికి కావలసిన భాష మన దగ్గర దండిగా ఉంది. పెళ్లి సంబంధాల్లో ‘పిల్ల చాయ తక్కువైనా కళగల ముఖం’ అంటారు. ‘తక్కువ’ అనడంలో కొలబద్ద ఉంది, ‘ఐనా’ అనడంలో సంజాయిషీ ఉంది. మెచ్చుకున్నట్టే ఉంటుంది కానీ తూకం వేసి మరీ మెచ్చుకోవడం అది. అమెరికాలో ఒకప్పుడు గోధుమరంగు కాగితపు సంచి కంటే ముదురు రంగువాళ్లను కొన్ని నల్లజాతి సంఘాలు, విందులు గుమ్మంలోనే ఆపేవని చెప్పుకుంటారు. అలాంటి చోట మన ‘చాయ తక్కువ’ అనే పలుకుబడి అచ్చంగా అతుకుతుంది.

అన్నీ అతకవు. ‘ఎర్రగా ఉంటుంది’ అంటే మనకు మంచిరంగు, అమెరికా సందర్భంలో మాత్రం అది అయోమయం. లేతరంగు నల్లజాతివారిని ‘హై యెలో’ అనే అక్కడి మాటకు ‘పసిమి చాయ’ అని రాయాలనిపిస్తుంది, కానీ పసిమి మనకు పొగడ్తే. అక్కడి మాటలో ముల్లు కూడా ఉంది. దాన్ని అలాగే ఉంచి ఒక వాక్యంలో వివరించండి.

‘ప్రివిలేజ్’కు ‘విశేషాధికారం’ అంటే ఏదో జీవోలో ఇచ్చినట్టుంటుంది. తెల్లవారి విషయంలో ‘ఆధిక్యం’, లేతరంగు నల్లజాతివారి విషయంలో ‘వెసులుబాటు’ సరిపోతాయి.

‘కలర్డ్’ అనే మాట తగిలితే ముందు ఏ దేశమో చూడండి. పాత అమెరికా రాతల్లో అది నల్లజాతివారికే పేరు. దక్షిణాఫ్రికాలో 1950 నాటి జనాభా నమోదు చట్టం (1991లో రద్దయింది) ప్రకారం నల్లజాతివారు వేరు, ‘కలర్డ్’ (ముఖ్యంగా మిశ్రమ వంశంవారు) వేరు. అక్కడ అనువదించకుండా ‘కలర్డ్’ అనే ఉంచండి. ఈనాటి ‘పీపుల్ ఆఫ్ కలర్’కు మాత్రం ‘శ్వేతేతరులు’ అనవచ్చు.