పన్ను పీకించుకున్న నెలకి దవడ కింద గట్టి వాపు వచ్చింది, నొప్పి మాత్రం లేదు. పట్టించుకోవాలా?

పట్టించుకోవాలి. ‘నొప్పి లేదుగా’ అనుకునే నేనూ మునిగాను.

కింది జ్ఞానదంతం తీయించుకున్నాక గాయం చక్కగా మానింది. ఆరు వారాలకి గడ్డం గీసుకుంటుంటే దవడ అంచున చెక్కముక్కలా ఏదో చేతికి తగిలింది. జ్వరం లేదు, సలుపు లేదు. పన్ను తీసిన డాక్టరు అయిదు రోజులకి సరిపడా మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ రాశారు. వాపు కాస్త తగ్గినట్టే తగ్గి మళ్ళీ లేచింది. ఇంకో అయిదు రోజులు, మళ్ళీ అదే. నన్నడిగితే ఈ అయిదు రోజుల కోర్సులంత మేలు ఆ రోగానికి ఇంకెవరూ చెయ్యరు.

ఈలోపు చర్మం ఊదారంగుకి తిరిగింది. ఓ పొద్దున దిండు మీద చీము మరక, అందులో ఇసుక రేణువుల్లా పసుపు నలకలు. అసహ్యమేసి తుడిచి పారేశాను. తీరా అసలు సాక్ష్యం అవేనట! సల్ఫర్ గ్రాన్యూల్స్ అంటారు. పేరుకే సల్ఫర్, నిజానికి బాక్టీరియా ముద్దలు. చూడ్డానికొచ్చిన చుట్టాల్లో ఒకాయన నా ఎదుటే ‘క్యాన్సరేమో’ అని గొణిగాడు. పలకరింపులకి ఇలాంటివాళ్ళు రాకపోతేనే రోగికి సుఖం.

చీములోని సూక్ష్మజీవుల్ని పెంచి చూసే కల్చర్ పరీక్షకి పంపితే రెండో రోజుకే ‘ఏమీ పెరగలేదు’ అని రిపోర్టు. ఎలా పెరుగుతుంది? ఇది గాలి తగలకుండా పెంచాల్సిన సూక్ష్మజీవి, రెండు మూడు వారాలు కూడా పట్టొచ్చు. పైగా నేను అప్పటికే యాంటీబయాటిక్స్ మింగి ఉన్నాను. చివరికి చిన్న ముక్క కోసి పరీక్షించే బయాప్సీలో తేలింది, యాక్టినోమైకోసిస్ అని. పేరు బూజు జబ్బులా ఉన్నా దీన్ని తెచ్చేది యాక్టినోమైసిస్ అనే బాక్టీరియానే. మనందరి నోళ్ళలో ఊరికే పడి ఉంటుంది, గాయం దొరికితే లోపలికి దిగుతుంది. అంటువ్యాధి కాదు. పన్ను తీసినాయన్ని మావాళ్ళు నానా మాటలన్నారు గానీ, అది ఆయన పరికరాల్లోంచి రాలేదు, నా నోట్లోదే. మెట్రోనిడజోల్‌కి ఇది లొంగదని మాత్రం ఆయనకి తట్టి ఉండాల్సింది.

నాలుగు వారాలు పెన్సిలిన్ ఇంజెక్షన్లు, తర్వాత ఆరు నెలలు అమాక్సిసిలిన్ మాత్రలు. రెండో నెలకే వాపు పోయింది. ‘ఇంకా ఎందుకురా, కిడ్నీలు పోతాయి’ అని అన్నయ్య పోరు. ఆపలేదు, మధ్యలో ఆపితే తిరగబెడుతుందని డాక్టరు ముందే చెప్పారు.

మీరు మాత్రం ఇంకో కోర్సు మొదలెట్టకముందే నమూనా తీయించండి. యాక్టినోమైసిస్ కోసం చూడమని చీటీ మీద రాయించండి, లేకపోతే ల్యాబువాళ్ళు రెండ్రోజులకే పారేస్తారు. నాకు దవడ కింద చిన్న గుంట మిగిలింది. అక్కడ గడ్డం మొలవదు.